గొడ్డలికి నాలుగణాలు

చారిత్రక నవలలంటే ప్రాణం పెట్టేవాళ్ళని "ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడిగి చూడండి. హైదరాబాద్ మెట్రోలో అడిగినా, ఖమ్మం బస్టాండ్ పక్కన టీ కొట్టులో అడిగినా, గోదావరి వంతెన దాటి భద్రాచలంలో అడిగినా జవాబులు పెద్దగా మారవు. తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' రెండోసారి చదువుతున్నా. బాపిరాజు 'హిమబిందు' సగంలో ఉంది. 'గోన గన్నారెడ్డి' అయిపోయింది, ఇప్పుడు నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' వెతుకుతున్నా. మణిరత్నం సినిమాలు వచ్చాక 'పొన్నియిన్ సెల్వన్' తెలుగులో మొదలుపెట్టా, పేర్లు గుర్తుండక ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుని చదువుతున్నా. విశ్వనాథ 'ఏకవీర' చదివి మదురై వెళ్ళాలనిపించింది.

మంచి జాబితానే. ఇందులో ఒక్క పుస్తకాన్ని కూడా తీసేయమని నేను చెప్పను. చరిత్ర పాఠం పరీక్షతోపాటే మర్చిపోయిన తరానికి శాతవాహనుల్నీ కాకతీయుల్నీ చోళుల్నీ మళ్ళీ ఇచ్చినవి ఈ నవలలే. నా ఇబ్బంది వేరు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే రోడ్డు పక్క ఊళ్ళలో ఉండే పాఠకుడు అమరావతికి వెళ్తున్నాడు, ఓరుగల్లుకి వెళ్తున్నాడు, తంజావూరుకీ మదురైకీ గోబీ ఎడారికీ వెళ్తున్నాడు. తను ఉన్న చోటికి మాత్రం చారిత్రక నవల పట్టుకుని రాలేకపోతున్నాడు. ఈ చోటుకి చరిత్ర లేదా అంటే, నాలుగు నవలలకి సరిపడా ఉంది. మన చారిత్రక నవల ఎక్కడ నిలబడి కథ చెప్తుందో చూస్తే, అది ఈ అడవిలోకి ఎందుకు రాలేదో కొంత అర్థమవుతుంది.

'చెంఘిజ్ ఖాన్' దగ్గర మొదలుపెడదాం. ఈ ప్రాంతపు కుర్రాళ్ళు అంత ఇష్టంగా చదివే తెలుగు చారిత్రక నవల ఇంకోటి లేదేమో. అందులో రాజు పుట్టుకతో రాజు కాదు. తండ్రిని శత్రువులు విషం పెట్టి చంపితే, సొంత తెగ వాళ్ళే గొడ్డూ గోదా తోలుకుని వెళ్ళిపోతే, తల్లి పిల్లల్ని దుంపలూ చేపలూ తినిపించి బతికించుకుంటుంది. తెగకీ తెగకీ మధ్య పగలు, పెళ్ళిళ్ళు, ప్రమాణాలు, పచ్చిక బయళ్ళ కోసం కొట్లాటలు. చుట్టూ గోడలున్న నగరాల వాళ్ళు ఈ తెగల్ని ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పి ఎట్లా లోబరుచుకుంటారో సూరి బాగా పట్టుకున్నాడు. వామపక్ష భావాలున్న రచయిత కాబట్టి తెగల సమాజం లోపల ఆస్తి ఎట్లా పుడుతుందో, పెత్తనం ఎట్లా పుడుతుందో చూడగలిగాడు. చరిత్రలో నెత్తురు తాగే రాక్షసుడని పేరుపడ్డవాడిని ఆకలిగొన్న పిల్లవాడి దగ్గర నుంచి చెప్పుకొచ్చాడు.

ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. ఒక తెగ లోపలి జీవితాన్ని తెలుగు పాఠకుడు అంత దగ్గరగా చూసిన ప్రసిద్ధ చారిత్రక నవలకి రంగస్థలం మంగోలియా. తెగలు మనకి దొరకక కాదు. పాల్వంచ దాటితే కోయగూడేలు, పాపికొండల్లో కొండరెడ్లు. వాళ్ళకీ గట్లున్నాయి, గోత్రాలున్నాయి, పగలున్నాయి, వలసలున్నాయి, మైదానపు రాజ్యాలతో శతాబ్దాల పేచీ ఉంది. గోబీ దూరంగా ఉండటం వల్ల అక్కడి తెగ మనకి వీరగాథ అయింది. భద్రాచలం తెగ దగ్గరగా ఉండటం వల్ల ఐటీడీఏ ఆఫీసు ఫైలు అయింది.

ఇప్పుడు 'గోన గన్నారెడ్డి'. ఆ నవల ఊపు గురించి వేరే చెప్పక్కర్లేదు. గజదొంగ వేషంలో తిరుగుతూ లోపల రుద్రమదేవికి విధేయుడుగా ఉన్న వీరుడు. 2015లో 'రుద్రమదేవి' సినిమాలో ఆ పాత్రకి జనం ఈలలు వేశారంటే ఆ ఈలల్లో సగం వాటా బాపిరాజుది. బాపిరాజు చిత్రకారుడు కూడా. ఆయన వర్ణనలో కోట గుమ్మం, హారం, గుర్రం జూలు అన్నీ కళ్ళకి కడతాయి. కానీ అడవి దగ్గరికి వచ్చేసరికి అది గన్నారెడ్డి దాక్కునే చోటు, మెరుపుదాడికి బయల్దేరే చోటు. ఆయన రాకముందూ ఆయన వెళ్ళిపోయాకా ఆ అడవిలో ఎవరుంటారన్న ప్రశ్న కథకి అడ్డు రాదు. ఇది బాపిరాజు ఒక్కడి లోపం అనను. సింహాసనం నిలబడాలా పడిపోవాలా అన్నదే కథని నడిపే ప్రశ్న అయినప్పుడు, సింహాసనానికి దూరంగా ఉన్నదంతా తెర మీద బొమ్మగా మిగులుతుంది.

ఈ నవల చదివిన పాఠకుడే రెండేళ్ళకోసారి మేడారం వెళ్తాడు. భద్రాచలం, మణుగూరు, వెంకటాపురం వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కోయలు తరలివెళ్ళే జాతర అది. అక్కడ వినపడే కథలో కాకతీయులు ఇంకో వైపున ఉంటారు. కరువొచ్చింది, పంటలు లేవు, కప్పం కట్టలేమన్నారు. ప్రతాపరుద్రుడి సైన్యం అడవి మీద పడింది. పగిడిద్దరాజు, సారలమ్మ పోరాడి నేలకొరిగారు. జంపన్న దూకిన సంపెంగ వాగు జంపన్న వాగైంది. సమ్మక్క నెత్తురోడుతూ చిలుకలగుట్ట వైపు నడిచి మాయమైంది, వెతికినవాళ్ళకి కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథకి శాసన సాక్ష్యం ఎంత, తేదీలు ఎంతవరకు కుదురుతాయి అన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన సంగతి. సాహిత్య పాఠకుడిగా నాకు కనిపించేది ఇది: ఒకే రాజవంశం గురించి తెలుగువాళ్ళకి రెండు కథా సంప్రదాయాలున్నాయి. ఒకటి అచ్చులో ఉంది, దానికి చారిత్రక నవల అని పేరు. రెండోది పాటలో, గద్దె మీద, ఎత్తుబెల్లం మొక్కులో ఉంది, దాన్ని జాతర అంటాం, జానపదం అంటాం, మరీ ప్రేమొస్తే మౌఖిక సాహిత్యం అంటాం. మొదటిదానిలో కాకతీయ రాజ్యాన్ని కాపాడటమే ధర్మం. రెండోదానిలో కాకతీయ రాజ్యం నుంచి కాపాడుకోవడం ధర్మం. ఈ రెండూ చేతిలో పెట్టుకుని ఒకే పాఠకుడు ఒకే ఏడాదిలో తిరుగుతున్నాడు. ఈ రెండు కథలూ ఒకదాన్నొకటి నిలదీసే తెలుగు నవల నా కంట పడలేదు. రుద్రమ వీరత్వానికి ఏడ్చిన పాఠకుడే ఆమె మనవడి సైన్యం చేతిలో పోయిన సారలమ్మకి ఏడవాల్సి వచ్చే నవల ఒకటి ఊహించండి. ఎంత ఇబ్బందిగా, ఎంత బాగుంటుందో.

మేడారం కథలో నన్ను పట్టుకునే మాట 'కప్పం'. ఈ అడవి అంచున ఏ కథ ఎత్తుకున్నా చివరికి శిస్తు దగ్గరికి వస్తుంది. అందరికీ తెలిసిన రామదాసు కథే చూడండి. ఖమ్మం పక్కన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. గోల్కొండలో అబుల్ హసన్ తానీషా ప్రభువు, మేనమామలు అక్కన్న మాదన్నలు దర్బారులో పెద్దలు. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీలు. ఖజానాకి చేరాల్సిన సొమ్ముతో గుడి కట్టాడు, నగలు చేయించాడు, జైలుపాలయ్యాడు. పన్నెండేళ్ళ చెర. చివరికి రామోజీ లక్ష్మోజీ వేషాల్లో వచ్చి ఆరు లక్షలు చెల్లించి రసీదు తీసుకెళ్ళారని కథ.

మనకి ఇది భక్తి కథ. 1964లో నాగయ్యగారి 'రామదాసు', 2006లో 'శ్రీరామదాసు', రెండూ భక్తి సినిమాలే. కానీ కాసేపు భక్తి పక్కన పెట్టి చదివితే ఇందులో అడుగడుగునా కనిపించేది లెక్క. తహసీల్దారు, శిస్తు, బాకీ, జప్తు, చెల్లింపు, రసీదు. ఆఖరికి దేవుడు కూడా సంతకం చేయించుకునే వెళ్ళాడు. జైల్లో పాడిన ఒక ప్రసిద్ధ కీర్తనలో రామదాసు సీతమ్మ చింతాకు పతకానికి ఎంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఎంత, ప్రాకారానికి ఎంత అని దేవుడికి జమాఖర్చు చదివి వినిపిస్తాడు. ప్రపంచ భక్తి సాహిత్యంలో ఇంత కచ్చితమైన ఖర్చుల పట్టీ ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానం. ఖర్చు కాలమ్ అంత వివరంగా ఉంది. జమ కాలమ్ మాత్రం ఖాళీ. పాల్వంచ పరగణాలో ఆ శిస్తు కట్టిందెవరు? ఏ పంట అమ్మి కట్టారు? అడవిలో ఉన్నవాళ్ళ దగ్గర ఏం తీసుకున్నారు, ధాన్యమా, తేనా, వెదురా, వెట్టా?

ఆ కథలోనే పోకల దమ్మక్క ఉంది. ఐతిహ్యం ప్రకారం కలలో రాముడు చెప్తే పుట్టలోంచి విగ్రహాలు బయటికి తీసింది ఆమె. పందిరి వేసింది, తాటిపండు నైవేద్యం పెట్టింది. ఆమెది భద్రిరెడ్డిపాలెం, కోయ స్త్రీ అని చెప్తారు. గోపన్న వచ్చి పందిరిని గుడి చేశాక ఆమె కథ అయిపోతుంది. తాటిపండు నైవేద్యం నుంచి చింతాకు పతకం దాకా జరిగిన ప్రయాణం ఎవరి కళ్ళతో చూడాలి? దమ్మక్క కళ్ళతో చూస్తే అది ఎట్లాంటి నవల అవుతుంది? ఆమెకి కొత్త గుడిలో ఎక్కడిదాకా ప్రవేశం? రామదాసుని తక్కువ చేయడానికి అడుగుతున్న ప్రశ్నలు కావివి. దర్బారు ఉంది, కుట్ర ఉంది, 1686లో అక్కన్న మాదన్నల హత్య ఉంది, 1687లో గోల్కొండ పతనం ఉంది. ఇన్ని సరుకులున్నా మంచి చారిత్రక నవలగా మన నోళ్ళలో నానే పుస్తకం ఒకటీ రాలేదంటే, భక్తి ముందే వచ్చి కథ చుట్టూ ప్రాకారం కట్టేయడం వల్లనే అనుకుంటా.

ఇంక సరిహద్దుల సంగతి. చారిత్రక నవలకి రాజ్యం పేరు కావాలి. 'కాకతీయుల కాలంలో', 'చోళుల కాలంలో' అంటే పాఠకుడు సర్దుకుని కూర్చుంటాడు. భద్రాచలం ఈ సుఖం ఇవ్వదు. నిజాం కింద ఉన్న ఈ ఎడమగట్టు 1860లో ఇంగ్లిషువాళ్ళ చేతికి వెళ్ళింది. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా అన్నారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల్ని మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకి కలిపారు. కుడిగట్టున పాల్వంచ సంస్థానం మాత్రం నిజాం రాజ్యంలోనే ఉంది. అంటే పడవలో నది దాటితే దేశం మారిపోయేది. 1959లో భద్రాచలాన్ని తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకి మార్చారు. 2014లో రాష్ట్ర విభజన అయ్యాక పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. రాములవారు ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలో ఆయన భూములు ఇంకో రాష్ట్రంలో. 2016లో మళ్ళీ కొత్త జిల్లా. నూట అరవై ఏళ్ళలో ఇన్నిసార్లు పైన బోర్డు మారింది. కింద గూడెం ఉన్నచోటే ఉంది.

బోర్డు మారితే ఏమవుతుంది? 1879లో ఏమైందో చూడండి. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు రేకపల్లి వైపు పోడు మీద పెద్దగా ఆంక్షలు లేవు. గొడ్డలికి నాలుగణాలు శిస్తు. ఎకరాలు కొలవడం లేదు, ఇంట్లో గొడ్డళ్ళెన్నో అంత. మద్రాసు చేతికొచ్చాక అది దాదాపు మూడింతలైంది, కొన్ని చోట్ల పోడే వద్దన్నారు. అదే సమయంలో పక్కన రంపలో మన్సబుదారు చిగురు పన్ను పేరుతో కల్లు మీద వసూళ్ళు పెంచాడు. 1879 మార్చిలో రంపలో లేచిన పితూరీ జూలైకి రేకపల్లికి అంటుకుంది.

గొడ్డలికి నాలుగణాలు. నాకు ఈ ఒక్క మాటలో నవల వినిపిస్తుంది. గొడ్డలి లెక్కపెట్టడానికి గూడేనికి వచ్చేదెవరు? వాడొస్తున్నాడని తెలిసి రెండో గొడ్డలిని చూరులో దాచిన ముసలమ్మ ఎవరు? అణా అనేది చేతిలోకి రావాలంటే ఇప్పపువ్వో కరక్కాయో ఎక్కడో సంతలో అమ్మాలి కదా, ఆ సంతలో తూకం రాయి ఎవరిది? ఒక పొద్దున ఎవడో వచ్చి మీరు ఇప్పుడు మద్రాసు కింద ఉన్నారు అని చెప్తే, మద్రాసంటే ఏమిటని ఎవరు ఎవర్ని అడిగారు? యుద్ధ వ్యూహాలకీ అంతఃపుర కుట్రలకీ ఏమాత్రం తీసిపోని ఉత్కంఠ ఇందులో ఉంది.

ఇక్కడ ఎవరో ఒకరు అల్లూరి పేరెత్తుతారు. మన్యం చరిత్ర అనగానే మనకి గుర్తొచ్చేది ఆయనే, గుర్తు రావాలి కూడా. కానీ 1922-24 పోరాటం మీద వచ్చిన పుస్తకాలు, 1974 నాటి కృష్ణ సినిమా, మొన్నమొన్నటి 'ఆర్ఆర్ఆర్' దాకా కలిపి చూస్తే ఒక పద్ధతి స్థిరపడింది: అడవి నిద్రపోతూ ఉంటుంది, మైదానం నుంచి ఒక వీరుడు వచ్చి లేపుతాడు. ఆయన రాకముందు నలభై ఏళ్ళకే అదే కొండల్లో తమ్మన్నదొర లేచాడు, రేకపల్లిలో అంబుల్ రెడ్డి లేచాడు. వాళ్ళ పేర్ల మీద సినిమా లేదు, ఫ్లెక్సీ లేదు, అందరికీ తెలిసిన నవల లేదు. రేపు ఎవరైనా ఈ అడవి మీద చారిత్రక నవల రాస్తే ఈ వచ్చి లేపే వీరుడి పద్ధతి నుంచి తప్పించుకోవడమే మొదటి పరీక్ష.

అట్లా తప్పించుకున్నవాళ్ళు లేకపోలేదు. పక్క భాషల్లోకి వెళ్తే, ఇదే అడవి అంచు పాఠకులు ప్రేమగా చదివే రెండు బెంగాలీ నవలలు తెలుగులో ఉన్నాయి. ఒకటి 'వనవాసి', బిభూతిభూషణ్ 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారామ్ అనువాదం. చాలామంది దాన్ని ప్రకృతి వర్ణన కోసం చదువుతారు. వెన్నెల, పూలు, ఒంటరితనం. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే పేజీలన్నీ అవే. కానీ కథ చెప్పే సత్యచరణ్ ఉద్యోగం ఏమిటి? ఎస్టేటు మేనేజరు. అడవిని రైతులకి కౌలుకిచ్చి, చెట్లు కొట్టించి, శిస్తు వచ్చేలా చేయడానికి వచ్చినవాడు. తను ప్రేమించిన అడవిని తన సంతకాలతోనే పోగొట్టాడు. మధ్యలో దొబ్రు పన్నా అనే ముసలి సంథాల్ రాజుని కలవడానికి వెళ్తాడు. రాజ్యం లేదు, పూరిల్లు ఉంది, పశువులు కాసుకునే రాజు. పూర్వీకుల సమాధుల దగ్గర నిలబడి సత్యచరణ్ గెలిచినవాళ్ళు రాసుకున్న చరిత్ర గురించి ఆలోచిస్తాడు. ఆ కొన్ని పేజీలు చారిత్రక నవలల సిలబస్‌లో ఉండాలి. మైదానపు మనిషి అడవి గురించి రాస్తే నిజాయితీగా ఎక్కడిదాకా వెళ్ళగలడో ఆ పేజీలు చూపిస్తాయి: సమాధి దాకా. లోపలికి కాదు.

రెండోది మహాశ్వేతాదేవి 'ఎవరిదీ అడవి?', సహవాసి అనువాదం. బిర్సా ముండా మీద నవల. 1900లో రాంచీ జైల్లో బిర్సా మరణంతో మొదలవుతుంది. ముందే చావు చెప్పేసి, తర్వాత ఆ చావుకి దారితీసిన ఆకలిని చెప్తూ వస్తుంది. వీరుడి ముందు అతని ఇంట్లో గంజి ఉంది, వరన్నం తినడం అనే కల ఉంది. ఉద్యమం పెద్దదయ్యేకొద్దీ నవల అంబరాన్నంటదు, పొయ్యి దగ్గరే తిరుగుతుంది. సర్కారీ కాగితాలు వాడుకుంది, కానీ వాటి గొంతుతో మాట్లాడలేదు. ఆధారాల్లేవు కాబట్టి ఆదివాసుల మీద చారిత్రక నవల కష్టం అనేవాళ్ళు ఈ పుస్తకం ముందు కూర్చోవాలి.

తెలుగులోనే సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' ఉంది. 1940 జోడేఘాట్ పోరాటం, గోండు గూడేలు, ఫారెస్టోళ్ళ జులుం. ఇద్దరు రాశారంటే నవల గొంతు చీలుతుందని భయం, కానీ అక్కడ ఒక ఊరంతా మాట్లాడుతున్నట్టుంటుంది. చివర్లో ఉపన్యాస ధోరణి కొన్నిచోట్ల కథని తోసుకుని ముందుకొస్తుంది, అది నాకు నచ్చలేదు. అయినా ఆదిలాబాద్ అడవికి ఆ నవల ఉంది. భద్రాచలం అడవికి అట్లాంటిది లేదు. చారిత్రక నవలల జాబితాల్లో దాని పేరు ఎందుకు కనిపించదో కూడా అడగాలి. దాన్ని 'విప్లవ సాహిత్యం' అనే ఇంకో అరలో పెట్టేశాం. కిరీటం ఉంటే చరిత్ర, గొడ్డలి ఉంటే ఉద్యమం!

భాష సమస్య నిజంగా పెద్దదే. బాపిరాజు రాజులూ నోరివారి మంత్రులూ ఏ తెలుగు మాట్లాడినా పాఠకుడు ఒప్పుకుంటాడు, దర్బారు భాష అట్లాగే ఉంటుందేమో అనుకుని. 1879లో రేకపల్లి కోయ మనిషి ఏ భాషలో మాట్లాడాలి? అతని ఇంటి భాష కోయ. అతన్ని తెలుగులో మాట్లాడిస్తే ఏ తెలుగు? సినిమాల్లో అడవి మనుషులకి పెట్టే వచ్చీరాని తెలుగు పెడితే అది అవమానం. గ్రాంథికం పెడితే వేళాకోళం. ఖమ్మం జిల్లా గడ్డ మీదే దీనికి సగం జవాబు దొరుకుతుంది. గార్లలో పెరిగిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' రాసినప్పుడు దొర గడీ, కరణం, ఆడబాప, వెట్టి అన్నీ ఆ పల్లె మాటతోనే వచ్చాయి. అప్పటికి ముప్పై ఏళ్ళ కిందటి నిజాం తెలంగాణ అది. చారిత్రక నవల అని ఆయన బోర్డు పెట్టుకోలేదు, కానీ 'మోదుగుపూలు', 'జనపదం' కలుపుకుని చూస్తే చేసిన పని అదే. పల్లె తెలుగు చరిత్రని మోయగలదని ఆయన చూపించాడు. కోయ భాష ఆ బరువు మోయడం ఇంకా చూడాలి. ఆ నవల కోయతూర్ రచయిత చేతి నుంచి రావాలని నా కోరిక. బయటివాళ్ళు రాయకూడదని కాదు, సత్యచరణ్ ఆగిపోయిన సమాధి దాటి వెళ్ళగలిగేది వాళ్ళే అని.

ఆ గొంతు లేదని కాదు. మణుగూరు మండలంలో సకిని రామచంద్రయ్య అనే డోలి కళాకారుడు ఉండేవారు. కోయల ఇలవేల్పుల కథలు, గట్ల పుట్టుక, సమ్మక్క సారలమ్మల గాథ డోలు మీద పాడేవారు. ఆయనకి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. డోలి కళాకారుల దగ్గర పడిగెలుంటాయి, ఒక్కో గట్టు చరిత్ర బొమ్మలుగా కుట్టిన గుడ్డ జెండాలు. జాతరలో ఆ గుడ్డ విప్పి, ఈ బొమ్మ ఎవరు, ఎక్కడ నుంచి వచ్చారు, ఏ వాగు దాటారు అని పాడతారు. వంశాలు, వలసలు, యుద్ధాలు, ద్రోహాలు, పెళ్ళిళ్ళు. 'పొన్నియిన్ సెల్వన్' చదవడానికి కాగితం మీద వంశవృక్షం గీసుకుంటున్న స్నేహితుడికి ఈ పడిగె చూపించాలి. పద్మశ్రీ ఇచ్చినప్పుడు మనం ఆయన్ని కళాకారుడన్నాం. చరిత్ర చెప్పేవాడనీ అని ఉండాల్సింది.

ఈ తొందర ఎందుకంటే, పోలవరం ముంపులో ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసే చోటు చుట్టూ ఉన్న గూడేలకి రాజుల పట్టిక లేదు. 1986 వరద 75.6 అడుగులు, 2022 వరద 71.3 అడుగులు, వాళ్ళ కాలగణనలో ఇవి పెద్ద ఏళ్ళు. పుట్ట, గట్టు, వేల్పు చెట్టు, పోడు చేను ఇవే వాళ్ళ శాసనాలు. శాసనం ఉన్న రాయిని మ్యూజియానికి మోసుకెళ్ళొచ్చు. చెట్టునీ వాగునీ మోసుకెళ్ళలేం. పునరావాస కాలనీలో పుట్టిన పిల్లకి పాట విన్నా, ఆ పాటలో వాగు ఎక్కడుందో చూపించేవాళ్ళు ఉండరు.

రాయడానికి ఏమీ దొరకదనే సాకు మాత్రం వద్దు. దుమ్ముగూడెంలో గోదావరి మీద పాత ఆనకట్టా లాకులూ ఉన్నాయి. ఎగువ నుంచి పత్తిని పడవల్లో సముద్రానికి దింపాలని ఆర్థర్ కాటన్ కాలంలో మొదలైన పథకం, కెప్టెన్ హేగ్ నడిపించాడు, ఏళ్ళ తరబడి కూలీలు రాళ్ళు మోశారు, 1871లో ప్రభుత్వం వదిలేసింది. అదే ఊళ్ళో 1860 నుంచి మిషనరీలు. జాన్ కెయిన్ అనే పాదిరీ కోయల గురించి పత్రికల్లో రాశాడు. తర్వాత హైమెండార్ఫ్ వచ్చి పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, వెదురు కాంట్రాక్టర్ల కింద వాళ్ళు ఎట్లా నలిగిపోతున్నారో 1945లో పుస్తకం వేశాడు. ఇవన్నీ బయటివాళ్ళ కళ్ళే, ఎవరి లెక్క వాళ్ళకుంది. నవలాకారుడికి కావాల్సింది అటువంటి సరుకే కదా, అబద్ధమాడే సాక్షులు నలుగురు, నోరు విప్పని సాక్షి ఒకడు.

మరి ఇప్పుడేం చదువుతున్నావు అని నన్నడిగితే, నా బల్ల మీద హెమింగ్వే ఉన్నాడు. నవలా రచయిత కాదు, 1907 నాటి గోదావరి జిల్లా గెజెటీర్ రాసిన మద్రాసు అధికారి. పొడి ఇంగ్లిషు. వర్షపాతం, చెరువులు, కులాలు, కల్లు గుత్తలు. పితూరీ భాగంలో అంబుల్ రెడ్డి పేరు కొద్ది వాక్యాల్లో వచ్చి పోయింది. ఊరి పేరు ఉంది, నెల ఉంది, గొడ్డలికి అణాలెన్నో ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారో లేదు. నేను ఆ పేజీ దగ్గరే ఉన్నాను.